తోక లేని అక్షరం

డండీలో నవంబరంటే
మూడున్నరకే దీపాలు వేసుకోవడం.
టే నది మీది రైలు వంతెన సగమే కనబడుతుంది,
మిగతా సగం మంచు లెక్కలో.

ఆ వేళప్పుడు ఐల్సా మెక్‌రే
పన్నెండు ఫ్లాస్కులు మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టింది.
నిన్నటిదాకా లేత గోంగూర రంగులో ఉన్న నాచు
ఇవాళ బియ్యం కడిగిన నీళ్ళు.
"చచ్చిపోయింది, వకులా."
(నా పేరులో ళ ఆమెకి ఎప్పుడూ ల.)

మైలుతుత్తం ఎంత వేశావన్నాను.
రెండు మిల్లీమోలార్ అంది,
గోడ మీది కాగితంలో ఉన్నంతే అంది.

నవ్వొచ్చింది నాకు.
పదిహేడేళ్ళుగా ఇక్కడ ద్రావణాలు కలిపే చెయ్యి కదా,
పెన్ను తీసుకుంది వెంటనే.
చూడు, మోల్‌ని వెయ్యి చేస్తే మిల్లీ,
అందులో ఒక్క ముక్కని మళ్ళీ వెయ్యి చేస్తే మైక్రో.
మా వీధిలో నెయ్యమ్మే వరహాలమ్మకి
నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక,
నిద్రలో లేపి అడిగినా తప్పేది కాదు.
మనకి ఆ పాటి కష్టం కూడా లేదు,
ఏ మెట్టెక్కినా వెయ్యే, ఏ మెట్టు దిగినా వెయ్యే.
ఘనమీటరుకి ఒక మోల్ అను,
లీటరుకి ఒక మిల్లీమోల్ అను,
పేరు మారింది, నీరు మారలేదు.
మజ్జిగలో నీళ్ళు పోస్తే మజ్జిగ పెరుగుతుంది గానీ
పెరుగు పెరుగుతుందా?

ఆ చివరి మాట ఇంగ్లీషులో చెప్పలేక
మధ్యలో ఆగిపోయాను.
ఆమె తలూపింది. రాసుకుంది కూడా.

రాగి నాచుకి మైక్రోలో అన్నం, మిల్లీలో విషం.
లీటరుకి అర మిల్లీగ్రాము వెయ్యాల్సింది,
అర గ్రాము వేశావు.
అర మిల్లీగ్రామైతే మన త్రాసుకి అందదు,
చిక్కటి నీళ్ళు ముందు కలిపి
అందులో ఒక్క మిల్లీలీటరు తీసి లీటరు చెయ్యాలి.
అంత తేలిగ్గా తూగినప్పుడే
నీకు అనుమానం రావద్దూ?

రావాల్సింది, అంది.
ఫ్లాస్కులన్నీ తనే కడిగింది.
బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది,
మెడకి కండువా సరిగ్గా చుట్టుకోకుండానే.

దీపం ఆర్పబోతూ
గోడ దగ్గర ఆగాను, ఎందుకో.
కాగితం మూలలు పసుపు పచ్చగా ముడుచుకుపోయాయి.
కాఫీ మరక. నీలం సిరా.
రాగికి ఎదురుగా రెండు,
రెండు పక్కన ఎం.
మ్యూకి ఉండాల్సిన తోక లేదు.

ఆ గుండ్రటి రెండు ఎవరిదో
నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడో తరగతిలో మా తెలుగు మాస్టారు
అర్థం రాయమంటే అర్ధం రాశానని
బెంచీ ఎక్కించారు.
కడుపులో చుక్క పెట్టలేదే, అన్నారు,
అర్థం సగమైపోయింది చూశావా.
నలభై ఏళ్ళ తర్వాత
ఏడో డిగ్రీ చలిలో, ఇంకో లిపిలో
మళ్ళీ అదే చుక్క.

ఎర్ర పెన్నుతో తోక గీశాను.
గీసి, ఆ గీత కొత్తగా మెరుస్తుంటే సిగ్గేసి
కాగితమే పీకేశాను.

పొద్దున్న ఐల్సా రాకముందే వచ్చి
అర గ్రాము తూచాను, లీటరులో కలిపాను,
అందులోంచి ఒక్క మిల్లీలీటరు.
తను వచ్చాక
కాగితం ఆమె చేతిలో పెట్టాను, ఎర్ర తోకతో సహా.
చాలాసేపు చూసింది.
"నాలుగేళ్ళుగా ఉంది కదా ఇది,
మిగతావాళ్ళ నాచు ఎలా బతికింది?"

వాళ్ళకి ముందే తెలుసు, ఐల్సా.
ఎం అని చూసి మ్యూ అని చదువుకున్నారు,
నాకు చెప్పలేదు, నేనడగలేదు.
నేను రాసింది రాసినట్టు నమ్మింది
నువ్వొక్కదానివే.